హెచ్‌ఎస్‌ఏ ఎక్కడి నుంచి వచ్చింది, రిటైర్మెంట్ అకౌంట్‌గా ఎలా మారింది

అమెరికాలో ఉద్యోగం చేసే మనోళ్ల ఇళ్లల్లో అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (వచ్చే ఏడాదికి హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకునే టైమ్) హడావుడి మొదలవుతుంది. పీపీఓ (మామూలు ఇన్సూరెన్స్ ప్లాన్) ఉంచుకోవాలా, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేముందు ఏటా మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎక్కువుండే హెచ్‌డీహెచ్‌పీ ప్లాన్ తీసుకుని హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుల కోసం డబ్బు దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్) ఓపెన్ చేయాలా అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకళ్లు అడుగుతారు, ఇంకొకళ్లు "ట్రిపుల్ టాక్స్ బెనిఫిట్ బ్రో, కళ్లు మూసుకుని మ్యాక్స్ చేసెయ్" అంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది. కళ్లు మూసుకుని తీసుకునే నిర్ణయం కాదిది అని నా గట్టి అభిప్రాయం. పేషెంట్ సొంత డబ్బు ఖర్చు పెడితే ఒళ్లు దగ్గర పెట్టుకుని పెడతాడు అన్న ఒక వాదన మీద కట్టిన అకౌంట్ ఇది, రిటైర్మెంట్ సంగతి ఆ తర్వాత ముందుకొచ్చింది, ఇప్పుడు మనల్ని తికమక పెట్టే రూల్స్‌లో సగం ఆ పాత వాదన నుంచి వచ్చినవే.

కథ 1942 నుంచి మొదలుపెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో ధరలు అదుపులో ఉంచడానికి ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది, కానీ ఇన్సూరెన్స్ లాంటి బెనిఫిట్స్‌ని వదిలేసింది, దాంతో పనోళ్లు దొరకని కంపెనీలు హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చి మనుషుల్ని తెచ్చుకున్నాయి. 1954 టాక్స్ కోడ్‌లో కంపెనీ కట్టే ప్రీమియం మీద ఉద్యోగికి టాక్స్ లేదని ఖాయం చేశారు. అలా ఇన్సూరెన్స్ ఉద్యోగానికి అతుక్కుపోయింది, 1965లో ముసలోళ్లకి మెడికేర్, పేదోళ్లకి మెడికెయిడ్ వచ్చాయి, ఖర్చు మాత్రం ఏటా పెరుగుతూనే పోయింది.

1970ల్లో ర్యాండ్ అనే రీసెర్చ్ సంస్థ ప్రభుత్వ డబ్బుతో చాలా పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకి వైద్యం పూర్తిగా ఫ్రీ, కొన్నిటికి బిల్లులో పెద్ద వాటా వాళ్లే కట్టుకోవాలి (ఒక లిమిట్ దాకా), ఎవరికి ఏ ప్లాన్ అనేది లాటరీలాగా పడింది. జేబులోంచి కట్టేవాళ్లు డాక్టర్ దగ్గరికి తక్కువ వెళ్లారు, మామూలు మనుషుల ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు. పేషెంట్ సొంత డబ్బు ఖర్చు పెట్టాలనేవాళ్లు తర్వాత ఇదే పాయింట్ పట్టుకుని వాదించారు. అదే ప్రయోగంలో ఇంకో రెండు విషయాలు కూడా తేలాయి, వాటి గురించి అంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. జనం అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైన వైద్యం కూడా తగ్గించేసుకున్నారు, ఇంకోటి, డబ్బుల్లేని బీపీ పేషెంట్లకి ఫ్రీ ప్లాన్‌లోనే బీపీ బాగా కంట్రోల్ అయింది.

1984లో సింగపూర్ మెడిసేవ్ మొదలుపెట్టింది, జీతంలో కొంత తప్పనిసరిగా వైద్యం అకౌంట్లోకి వెళ్లే పద్ధతి. అమెరికాలో ఇలాంటి అకౌంట్ కావాలని ఎకానమిస్ట్ జాన్ గుడ్‌మన్, గోల్డెన్ రూల్ ఇన్సూరెన్స్ కంపెనీకి చెందిన పాట్రిక్ రూనీ ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. 1996లో హిపా అనే హెల్త్ ఇన్సూరెన్స్ చట్టంలో భాగంగా పైలట్‌గా మెడికల్ సేవింగ్స్ అకౌంట్ వచ్చింది, చిన్న కంపెనీల వాళ్లకి, సొంత వ్యాపారాలు చేసుకునే వాళ్లకి మాత్రమే. టెక్సస్ కాంగ్రెస్ సభ్యుడు బిల్ ఆర్చర్ పేరు దానికి తర్వాత పెట్టారు. ఏడున్నర లక్షల అకౌంట్ల దాకా అనుమతిచ్చారు గానీ ఆ దరిదాపులకి కూడా చేరలేదు.

అసలు మలుపు 2003 నవంబర్ 22 తెల్లవారుజామున జరిగింది. మెడికేర్‌లో మందుల కవరేజీ తెచ్చే బిల్లు మీద హౌస్‌లో (అమెరికా కాంగ్రెస్ దిగువ సభలో) మూడింటికి ఓటింగ్ మొదలైంది, మామూలుగా 15 నిమిషాల్లో ముగించాల్సింది దాదాపు మూడు గంటలు ఓపెన్‌గా ఉంచారు, మొదట ఓడిపోతున్న బిల్లు సభ్యుల్ని ఒక్కొక్కళ్లనే ఒప్పించాక 220-215తో గట్టెక్కింది. ఆ గొడవంతా మందుల కవరేజీ గురించే, హెచ్‌ఎస్‌ఏ అదే బిల్లులో ఒక మూల కూర్చుని చట్టమైపోయింది. డిసెంబర్ 8న బుష్ సంతకం పెట్టాడు, 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మొదట్లో ఏడాదికి వేసుకోగలిగే లిమిట్ సింగిల్‌కి 2,600 డాలర్లు, ఫ్యామిలీకి 5,150, అది కూడా మీ డిడక్టబుల్ అంతకన్నా తక్కువైతే అంతే వేయాలి. అంటే డిడక్టబుల్ పూడ్చుకోవడానికే అకౌంట్ అన్న లెక్క. 2006 చివర్లో వచ్చిన చట్టం ఈ ముడి తీసేసింది, ఇక డిడక్టబుల్ ఎంతున్నా ఫుల్ లిమిట్ వేసుకోవచ్చు, మిగిలింది ఏటికేడు పెరుగుతుంది. రిటైర్మెంట్ అకౌంట్‌గా వాడే దారి నిజంగా తెరుచుకుంది అక్కడే అని నేనంటాను. వేసేటప్పుడు ఫెడరల్ టాక్స్ లేదు, పెరిగినదాని మీద లేదు, వైద్యానికి తీస్తే లేదు. 65 దాటాక వేరే ఖర్చుకి తీసినా మామూలు ఇన్‌కమ్ టాక్స్ కడితే చాలు, అంతకుముందు తీస్తే టాక్స్ కాక 20 శాతం పెనాల్టీ (మొదట 10 శాతమే, ఒబామాకేర్ చట్టం పెంచింది).

ఇక్కడే తెలివైనవాళ్ల పద్ధతి ఒకటి పుట్టింది. కట్టిన బిల్లు డబ్బు అకౌంట్లోంచి తీసుకోవడానికి గడువు లేదు కాబట్టి ఈ రోజు 1,200 డాలర్ల రూట్ కెనాల్ బిల్లు జేబులోంచి కట్టి, రసీదు స్కాన్ చేసి దాచి, హెచ్‌ఎస్‌ఏ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో వదిలేస్తారు, 20 ఏళ్ల తర్వాత ఆ 1,200 టాక్స్ లేకుండా తీసుకోవచ్చు, ముఖ్యమైన షరతు ఏంటంటే, ఖర్చు అకౌంట్ ఓపెన్ చేశాక అయ్యుండాలి. ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకున్న పళ్ల వైద్యానికి కూడా ఇది పనికొస్తుంది, రసీదు మీద పేరు, తేదీ, ఏం చేశారో ఉండేలా అడిగి తీసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల ఖర్చుకి మాత్రం సాధారణంగా కుదరదు, టాక్స్ లెక్కలో డిపెండెంట్ అయ్యుండాలి కదా.

ఇంకోటి, మనోళ్లు ఎక్కువుండే రెండు రాష్ట్రాలు, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, స్టేట్ టాక్స్‌లో హెచ్‌ఎస్‌ఏని లెక్కలోకే తీసుకోవు. ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్నవాళ్లకి ట్రిపుల్ బెనిఫిట్ ఫెడరల్ వరకే. ఉద్యోగం చేస్తూ 65 దాటినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి, మెడికేర్‌లో చేరాక డబ్బు వేయకూడదు, పైగా పార్ట్ ఏ (మెడికేర్‌లో హాస్పిటల్ కవరేజీ) ఆరు నెలల దాకా వెనక్కి వర్తిస్తుంది కాబట్టి ముందే ఆపేయాలి.

నన్ను బాధపెట్టేది వేరే. ఈ పద్ధతంతా బిల్లు జేబులోంచి కట్టగలిగి, ఏటా వేలు పక్కన పెట్టగలిగిన వాళ్లకే, అంటే ఎక్కువ జీతం, ఆరోగ్యంగా ఉన్న కుటుంబం. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవాళ్లకి వేసిన డబ్బు వేసినట్టు వెళ్లిపోతుంది, జనవరి 1న డిడక్టబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. డిడక్టబుల్ తీరకముందు ప్రివెంటివ్ కేర్ (చెకప్‌లు, టీకాల్లాంటివి) తప్ప ప్లాన్ ఏదీ కట్టకూడదన్న రూల్ వల్ల దీర్ఘకాలిక జబ్బుల మందులకి కూడా పూర్తి ధర కట్టాల్సి వచ్చింది. ఇన్సులిన్, బీపీ మిషన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) లాంటివి ముందే కవర్ చేయొచ్చని ఫెడరల్ టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ అనుమతిచ్చింది 2019లో! పేద బీపీ పేషెంట్ల సంగతి ర్యాండ్ రిపోర్టుల్లో 1980ల్లోనే ఉంది. అది కూడా అనుమతి మాత్రమే, మీ ప్లాన్ కవర్ చేస్తుందో లేదో ఎన్‌రోల్ అయ్యేముందు అడగాలి.

2025 జులై 4న సంతకమైన చట్టంతో 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లో (ఒబామాకేర్ కింద సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే చోట) కొనే బ్రాంజ్ ప్లాన్లు కూడా హెచ్‌ఎస్‌ఏకి అర్హమయ్యాయి, ఆ ఏడాది లిమిట్ సింగిల్‌కి 4,400, ఫ్యామిలీకి 8,750. బ్రాంజ్ తీసుకునేవాళ్లలో చాలామంది ప్రీమియం తక్కువని తీసుకునేవాళ్లు, సొంతంగా కాంట్రాక్టులు చేసుకునేవాళ్లు, చిన్న షాపులు నడుపుకునేవాళ్లు. అకౌంట్ తెరిచే హక్కు వాళ్లకిచ్చారు, అందులో వేయడానికి నెలాఖరుకి చేతిలో ఏం మిగులుతుందన్నది ఆ చట్టం పట్టించుకోలేదు.