పొట్టతో ఊపిరి పీల్చే చేప

అక్వేరియం దుకాణంలో గాజుకు మూతి అతికించుకుని కదలకుండా ఉంటుందే, ఒళ్లంతా మచ్చలతో వేలెడంత చేప, దాన్ని మనవాళ్లు ‘సక్కర్’ అంటారు. “ఇది ఒక్కటి వేస్తే చాలు సార్, తొట్టి కడిగే పనే ఉండదు” అని అంటగడతారు. పాచి గీకి తింటుంది, ఒప్పుకుంటాను. తిన్నదంతా దారాల్లా మళ్లీ తొట్టిలోకే వదులుతుంది, ఆ సంగతి మాత్రం చెప్పరు. వేలెడంత చేప మూరెడు అవుతుందనీ చెప్పరు.

ఇలా అమ్మే సక్కర్లలో ఒక ముఖ్యమైన జాతి టెరిగోప్లిక్తిస్ పర్డాలిస్. దీని పుట్టిల్లు అమెజాన్. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర ఆ నది ఏటా దాదాపు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరద తీశాక అడవిలో మడుగులు మిగులుతాయి. వాటిలో ఆకులు కుళ్లి ఆక్సిజన్ అడుగంటుతుంది. మిగతా చేపలు చచ్చి తేలిపోయే ఆ నీళ్లలో సక్కర్ పైకొచ్చి గుక్కెడు గాలి మింగి మళ్లీ అడుగుకు పోతుంది. మన కొరమీనూ పైకొచ్చి గాలి పీలుస్తుంది గానీ, ఆ గాలిని తలలోని గదుల్లో పట్టి ఉంచుతుంది. సక్కర్ గాలి పోయేది పొట్టలోకి! దాని జీర్ణాశయం గోడ పలచగా, నిండా సన్నని రక్తనాళాలతో ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలో కలుస్తుంది. ఇక అరుగుదల పనంతా చుట్టలు చుట్టుకున్న పొడవాటి పేగుది.

మూతి రాయికి అతుక్కుని ఉంటే మొప్పలకు నీరు ఎలా అందుతుంది? మీసాల వెనక సన్నని కాలువల్లాంటి సందులుంటాయి. నీరు అటునుంచి నోట్లోకి చేరుతుంది, పట్టు సడలదు. ఇంట్లో ఈ చేప ఉంటే దాని కంటి మీద కాస్త వెలుతురు పడనిచ్చి చూడండి. పైనుంచి చిన్న రేకు దిగి కంటిపాపను దాదాపు కప్పేస్తుంది. గుర్రపునాడా ఆకారంలో సన్నని నల్లగీత మిగులుతుంది. నాకు దీనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ కన్నే.

ఒంటి మీద పొలుసులుండవు, వరసలుగా ఎముక పలకలుంటాయి. అమెజాన్ జనానికి అదో లెక్క కాదు. ‘అకరి’ అని పిలుచుకుంటూ చేపను పెంకుతోనే నిప్పుల మీద కాల్చి వలుచుకు తింటారు. ఎండబెట్టి, వేయించి ‘పిరాకుయి’ అనే పొడి చేసి దాచుకుంటారు.

తొట్టిలో పట్టనంత పెరిగాక మనవాళ్లు “పాపం, చంపడం ఎందుకు” అని చెరువులో వదిలేశారు. గుడ్లు పెట్టడానికి గట్లలోకి బారెడు లోతున బొరియలు తవ్వే దాని అలవాటు ఇక్కడికీ వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ జాడలు పట్టి తూర్పు కనుమల జలాశయాల్లో ఇది ఎంతగా పాకిందో చూపించారు. జాలరికైతే ఏ పరీక్షా అక్కర్లేదు. వెన్ను ముల్లు, రెండు పక్క ముళ్లు నిక్కబొడుచుకుని వలలో చిక్కుకుంటే విడిపించడం గగనం. వల కోసుకోవాల్సిందే. పోనీ అమ్ముకుందామా అంటే, ఇక్కడ కొనేవాడు లేడు.