"తున్నాను" కనబడగానే "ఐఎన్జీ" పెట్టేస్తున్నారా? ప్రెజెంట్ టెన్సుల మీద అపోహలు - వాస్తవాలు

భీమవరంలో సాయంత్రం పూట ఇంగ్లిష్ చెబుతాను. డిగ్రీ పిల్లలు వస్తారు, రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లు వస్తారు, గల్ఫ్ వెళ్లాలనుకునే ఆడవాళ్లు వస్తారు. పన్నెండు టెన్సుల పట్టిక చాలామందికి కంఠతా వచ్చు. సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే మాత్రం టెన్షన్ పడిపోతారు. తెలివి లేక కాదు. బడిలో విన్న కొన్ని సూత్రాలు సగమే నిజం, ఆ సగం దగ్గరే నోరు ఆగిపోతోంది.

అపోహ: తెలుగులో "తున్నాను" ఉంటే ఇంగ్లిష్‌లో "ఐఎన్జీ" రావాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. "ఏం చేస్తున్నారండీ?" అని ఎవరైనా అడిగితే, చేతిలో టీ గ్లాసు ఉన్నా సరే "టీచరుగా చేస్తున్నానండీ" అంటాం. మన "తున్నాను" కళ్లముందు జరిగే పనికీ పనికొస్తుంది, ఏళ్ల తరబడి సాగే పనికీ పనికొస్తుంది. ఇంగ్లిష్ ఆ రెండింటినీ వేరు చేస్తుంది. అలవాటుకి, పద్ధతికి, ఎప్పుడూ ఉండే సంగతికి సింపుల్ ప్రెజెంట్. ప్రస్తుతానికి నడుస్తూ, తర్వాత ఆగిపోయేదానికి కంటిన్యువస్.

రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో పనిచేసే కుర్రాడొకడు నా దగ్గర చదివాడు. యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షల గురించి విదేశీ బయ్యర్ మెయిల్‌లో అడిగితే, "వియ్ ఆర్ టెస్టింగ్ ఎవ్రీ లాట్" అని జవాబు రాసుకుని, పంపేముందు నాకు చూపించాడు. అతని మనసులో ఉన్నది "ప్రతి లాటూ టెస్ట్ చేస్తున్నామండీ" అన్న మాట. తెలుగులో అది చక్కటి వాక్యం. కానీ ఆ ఇంగ్లిష్ చదివినవాడికి, ఈ మధ్యే మొదలుపెట్టారేమో, ఏదో తేడా వచ్చి ఇప్పుడు చేస్తున్నారేమో అని అనుమానం రావచ్చు. "ఆర్" తీసేసి, "ఐఎన్జీ" తీసేసి "వియ్ టెస్ట్ ఎవ్రీ లాట్" అని మార్చాం. ఇది మా పద్ధతి, ఎప్పుడూ చేసేదే అని దాని అర్థం.

అపోహ: ఏ క్రియకైనా "ఐఎన్జీ" తగిలించవచ్చు.

"ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్", "ఐ యామ్ నోయింగ్ హిమ్" అని మన దగ్గర తరచూ వింటుంటాను. ఇక్కడ తెలుగునే సాయం అడగండి. "నాకు ఇద్దరు అన్నలున్నారు", "ఆయన నాకు తెలుసు" అంటాం. వీటిలో "తున్న" ఎక్కడుంది? మనమే పెట్టనిది ఇంగ్లిష్‌లో ఎందుకు పెట్టాలి? ఉండటం, తెలియడం, నమ్మడం, సొంతం కావడం అనేవి స్థితులు. "ఐ హావ్ టూ బ్రదర్స్" చాలు. "ఐ యామ్ హావింగ్ లంచ్" మాత్రం సరైనదే, ఎందుకంటే అక్కడ "హావ్" అంటే తినడం, అది చేసే పని.

అపోహ: ప్రెజెంట్ టెన్స్ అంటే ఇప్పటి కాలమే.

"రేపు రాజమండ్రి వెళ్తున్నాను" అని మనం అనడం లేదా? "ఐ యామ్ గోయింగ్ టు రాజమండ్రి టుమారో" అచ్చంగా అదే. రైలు టైములు సింపుల్ ప్రెజెంట్‌లో చెబుతారు: "ద గోదావరి ఎక్స్‌ప్రెస్ లీవ్స్ విశాఖపట్నం ఇన్ ది ఈవినింగ్." నిజానికి ఇంగ్లిష్ క్రియ తనంతట తాను రూపం మార్చుకునే కాలాలు ప్రెజెంట్, పాస్ట్ రెండే. మిగతావన్నీ సాయపు క్రియలతో కట్టినవి. అందుకే టెన్స్ పేరు చూసి కాలం నిర్ణయించకూడదు.

అపోహ: ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అంటే "తినియున్నాను".

గైడుల్లో ఇలాగే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా "నేను తినియున్నాను" అంటారా? ఎవరూ అనని మాటతో నేర్పితే అర్థం ఎలా అవుతుంది? మన నోట్లో నిజంగా ఉన్నవి వేరే: "అన్నం వండి ఉంది", "గట్టు తెగి ఉంది". పని అయిపోయింది, దాని ఫలితం ఇంకా మన ఎదురుగా ఉంది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ ప్రాణం అదే.

దీన్ని వరదతో చెబుతాను, మన పిల్లలకి చప్పున ఎక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. "ద వాటర్ హ్యాజ్ రీచ్డ్ 13.75 ఫీట్" అంటే ఆ వార్త ఇప్పటికీ మనకు సంబంధించినదే, లంకలో ఉన్నవాళ్లు సామాన్లు సర్దుకోవాలి. "ద వాటర్ రీచ్డ్ 13.75 ఫీట్ ఆన్ మండే" అంటే సోమవారం సంగతి, ఈరోజు ఎంత ఉందో అందులో లేదు. ఎప్పుడు జరిగిందో చెప్పే మాట వాక్యంలోకి వస్తే ఈ "హ్యాజ్" నిలవదు. 2022 జూలైలో నీళ్లు మూడో హెచ్చరిక దాటాయి. "ఇన్ జూలై 2022" అని మొదలుపెట్టాక "హ్యాజ్ క్రాస్డ్" తప్పు, "క్రాస్డ్" అనాలి.

ఇదే నదితో మిగిలిన మూడు ప్రెజెంట్ టెన్సులూ చెప్పుకోవచ్చు. "ద గోదావరి ఫ్లోస్ ఇంటు ద బే ఆఫ్ బెంగాల్", ఎప్పుడూ ఉండేది. "ద గోదావరి ఈజ్ రైజింగ్", ఈ గంటలో పెరుగుతోంది. "ద గోదావరి హ్యాజ్ బీన్ రైజింగ్ సిన్స్ దిస్ మార్నింగ్", పొద్దుట మొదలై ఇంకా పెరుగుతూనే ఉంది.

అపోహ: "నుంచి" అంటే "సిన్స్".

"పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను" అన్నదాన్ని మాటకి మాట మార్చి "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటారు. ఇంటర్వ్యూల్లో మొదట దొరికిపోయేది ఇక్కడే. ఇందులో తప్పులు రెండు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నది కాబట్టి "హావ్ బీన్ లివింగ్" కావాలి. రెండోది, మన "నుంచి" రెండిటికీ సరిపోతుంది గానీ ఇంగ్లిష్‌లో ఎన్నాళ్లో లెక్క చెబితే "ఫర్", ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్". "ఫర్ టెన్ ఇయర్స్", లేకపోతే "సిన్స్ 2015".

కువైట్ వెళ్లడానికి సిద్ధమవుతున్న ఒకావిడ ఈ ఒక్క వాక్యం మీద వారం రోజులు కూర్చుంది. బడి మానేసి చాలా ఏళ్లయిందావిడకి. పెళ్లిళ్లకి వంట చేసేది. మొదట "ఐ యామ్ కుకింగ్ సిన్స్ ఫిఫ్టీన్ ఇయర్స్" అనేది. "ఎన్నేళ్లో లెక్క చెబుతున్నారా, మొదలైన ఏడు చెబుతున్నారా?" అని ప్రతిసారీ అడిగేవాణ్ణి. "లెక్కే మాస్టారూ" అనేది. శనివారం నాడు నేను అడక్కముందే తనే చెప్పింది: "ఐ హావ్ బీన్ కుకింగ్ ఫర్ ఫిఫ్టీన్ ఇయర్స్, సర్."