నిశ్శబ్ద నిమిషం ప్రార్థన నిమిషం కాదు: టెక్సాస్ బడుల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

డాలస్ పరిసరాల్లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఆగస్టులో బడులు తెరిచారంటే చాలు, తెలుగు తల్లిదండ్రుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "మాకు దేవుడి మీద నమ్మకం లేదండీ, మా వాడి చేత రోజూ ప్రార్థన చేయిస్తున్నారట, నిజమేనా?" ఆ ప్రశ్నలోని భయం నాకు అర్థమవుతుంది. దానికి వాట్సాప్ గ్రూపుల్లో, చట్టం ముఖం చూడకుండానే కొందరు ఇచ్చే జవాబులను మాత్రం సహించలేకపోతున్నాను.

అపోహ: రోజూ బడిలో ప్లెడ్జ్ (జెండాకు విధేయత తెలిపే ప్రతిజ్ఞ) తరువాత వచ్చే నిశ్శబ్ద నిమిషం ప్రార్థన కోసమే కాబట్టి, నమ్మకం లేని పిల్లలు కూడా చేతులు జోడించి తలవంచాలి.

వాస్తవం: అలాంటి నిబంధన ఎక్కడా లేదు. టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ 25.082 సెక్షన్ ప్రకారం అమెరికా జెండాకు, టెక్సాస్ జెండాకు ప్లెడ్జ్ చెప్పిన తరువాత ఒక నిమిషం మౌనం పాటించాలి. ఆ నిమిషంలో విద్యార్థి తనకు నచ్చినట్టు ఆలోచించుకోవచ్చు, ప్రార్థించవచ్చు, ధ్యానం చేసుకోవచ్చు, లేదా పక్కవారికి ఆటంకం కలిగించని మరే పనైనా చప్పుడు చేయకుండా చేసుకోవచ్చు. చాలామంది "ప్రార్థించవచ్చు" దగ్గరే చదవడం ఆపేస్తారు, కానీ నమ్మకం లేని పిల్లలకు కావలసింది ఆ చివరి భాగంలోనే ఉంది. కళ్ళు తెరుచుకుని కిటికీలోంచి బయటికి చూడవచ్చు, మధ్యాహ్నం జరగబోయే లెక్కల పరీక్ష గురించి ఆలోచించవచ్చు. పిల్లలు మాట్లాడకుండా, ఒకరినొకరు కదిలించకుండా చూడటమే టీచరు బాధ్యత; వాళ్ళ మనసులో ఏముండాలో చెప్పే అధికారం ఆయనకు లేదు.

ఈ అపోహ వల్ల జరిగే నష్టాన్ని నేను దగ్గరగా చూశాను. మరో పిల్లవాడిని గమనించడానికి ఒక ఐదో తరగతి గదికి వెళ్ళినప్పుడు, వెనక వరుసలోని తెలుగు అమ్మాయి రెండు చేతులూ గట్టిగా జోడించి, తల వంచి, సగం మూసిన కళ్ళతో పక్క పిల్లలు ఎప్పుడు తల ఎత్తుతారా అని చూస్తూ ఉంది. వాళ్ళ తాతగారు విజయవాడ నాస్తిక కేంద్రం సభలకు వెళ్ళిన మనిషి. ఇంట్లో పూజ గది లేదు. తరువాత మెల్లగా అడిగితే, తనకు నమ్మకం లేదని తెలిస్తే పుట్టినరోజులకు పిలవరేమోనని భయమని చెప్పింది. అలా చేయమని టీచరు ఎన్నడూ అనలేదు. "అక్కడి రూలు అది, సర్దుకుపో తల్లీ" అన్నది కన్నతండ్రే. చిన్నప్పుడు మన బళ్ళలో అసెంబ్లీలో కళ్ళు మూసుకుని నిలబడిన అలవాటు కొద్దీ ఇక్కడా అంతేననుకున్నారాయన, ఎవరినీ అడగలేదు. ఆ సెక్షన్ ప్రింటు తీసి చేతికిస్తే రెండుసార్లు చదువుకున్నారు. మర్నాడు టీచరు ఎవరి పేరూ ఎత్తకుండా, ఆ నిమిషంలో ఏమేం చేయవచ్చో తరగతి మొత్తానికి చెప్పారు. అంతకు మించి ఏమీ అవసరం రాలేదు.

హద్దు దాటే టీచర్లు ఉండరని నేను అనడం లేదు. ఈ చట్టాన్ని సవాలు చేసిన డాలస్ ప్రాంతపు తల్లిదండ్రుల కేసులో, అది ప్రార్థన సమయమని ఒక టీచరు పిల్లవాడితో అన్న విషయం కోర్టు తీర్పులోనే ఉంది. అయినా 2009లో టెక్సాస్ కేసులు చూసే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు (ఐదో సర్క్యూట్) చట్టాన్ని సమర్థించింది. అందువల్ల చట్టం మీద యుద్ధానికి దిగడం కన్నా, మీ పిల్లలతో ఎవరైనా అలా అంటే ఆ మాటలను అన్నవి అన్నట్టుగా, తేదీతో సహా రాసి ముందు టీచరుకు, మార్పు రాకపోతే ప్రిన్సిపాలుకు మెయిల్ పెట్టండి. సెక్షన్ నంబరు అందులో తప్పక ఉండాలి.

అపోహ: నిశ్శబ్ద నిమిషాన్ని సుప్రీంకోర్టు 1985లోనే కొట్టేసింది.

వాస్తవం: వాలెస్ వర్సెస్ జాఫ్రీ కేసులో కొట్టేసింది అలబామా 1981లో చేసిన చట్టాన్ని. ధ్యానానికి కేటాయించిన నిమిషానికి "లేదా స్వచ్ఛంద ప్రార్థన" అని అది చేర్చింది. బడుల్లోకి ప్రార్థనను తిరిగి తేవడమే తన ఉద్దేశమని దాన్ని ప్రతిపాదించిన సెనేటరే ఒప్పుకున్నాడు. మౌనం పాటించడమే తప్పని ఆ తీర్పు చెప్పలేదు. ముగ్గురు పిల్లల కోసం ఆ కేసు వేసిన ఇష్మాయెల్ జాఫ్రీ దేవుడున్నాడో లేడో తెలియదనే అజ్ఞేయవాది.

అపోహ: ఉత్తరం రాసిస్తే ఆ నిమిషం నుంచి మినహాయింపు వస్తుంది.

వాస్తవం: తల్లిదండ్రుల లిఖితపూర్వక అభ్యర్థనతో మినహాయింపు దొరికేది ప్లెడ్జ్‌లకు, మౌనానికి కాదు. నిజానికి నమ్మకం లేని పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ప్లెడ్జ్‌లోని "అండర్ గాడ్" (దేవుడి అండన) అనే మాట. అది అమెరికా ప్లెడ్జ్‌లో 1954లో, టెక్సాస్ ప్లెడ్జ్‌లో 2007లో చేరింది. మీ ఇంట్లో సమస్య అదే అయితే ఒక్క ఉత్తరంతో తీరిపోతుంది. రెండు ప్లెడ్జ్‌ల పేర్లూ అందులో రాయడం మరవకండి.

అపోహ: కొత్త ప్రార్థన చట్టం వచ్చాక ఆ నిమిషం కాస్తా ప్రార్థన అయిపోయింది.

వాస్తవం: 2025లో వచ్చిన ఎస్‌బీ 11 (టెక్సాస్ సెనేట్ బిల్లు 11) పూర్తిగా వేరే చట్టం. స్కూల్ బోర్డు ఓటు వేసి ఆమోదించిన చోట మాత్రమే ప్రార్థనకు, మతగ్రంథ పఠనానికి విడిగా సమయం కేటాయిస్తారు. తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం లేనిదే ఏ విద్యార్థీ అందులో పాల్గొనడానికి వీల్లేదు. దీని మీద దావా వేసే హక్కును వదులుకుంటున్నామన్న వాక్యం కూడా ఆ పత్రంలో ఉంటుంది. ఆగస్టులో బడి పంపే కాగితాల కట్ట మీద చకచకా సంతకాలు పెట్టే అలవాటున్నవారు ఈ ఒక్క కాగితం దగ్గర ఆగి పూర్తిగా చదవాలి.

ఇక మిగిలినవి. బడిలో ప్రార్థనే నిషేధమన్నది కూడా తప్పు: 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డుకున్నది బడి తరఫున చేయించే ప్రార్థనను, పిల్లలు తమంతట తాము చేసుకునేదాన్ని కాదు. అన్ని రాష్ట్రాల్లో ఒకే పద్ధతి ఉంటుందన్నదీ నిజం కాదు. ఇల్లినాయ్ 2007లో ఈ మౌనాన్ని తప్పనిసరి చేస్తే, ఒక నాస్తిక విద్యార్థిని తరఫున సాగిన కేసులో ఏడో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2010లో ఆ చట్టాన్ని నిలబెట్టింది. కాబట్టి టెక్సాస్ బయట ఉన్నవారు మీ రాష్ట్ర విద్యా చట్టాన్నీ, మీ డిస్ట్రిక్టు హ్యాండ్‌బుక్‌నూ చూసుకున్నాకే బడికి రాయండి.