బాంజోపై బరోక్ సంగీతం: అపోహలు - వాస్తవాలు

అయిదు తీగల బాంజోపై (అమెరికా జానపద సంగీతంలో వినిపించే మీటు వాద్యం) బరోక్ కాలపు, అంటే 17, 18వ శతాబ్దాల ఐరోపా సంగీతపు, స్వరకర్త బాఖ్ రచనలు వాయిస్తానని చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే అభ్యంతరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని అలవాటు వల్ల పుట్టిన అపోహలే అయినా, మరికొన్నింటిలో సగం నిజం ఉంది. ఆ రెండో రకానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: ఏ వాద్యం కోసం రాసిన రచనను ఆ వాద్యంపైనే వాయించాలి.

ఈ నియమాన్ని బాఖే పాటించలేదు. 1720 నాటి స్వదస్తూరి ప్రతిలో ఒంటరి వయొలిన్ కోసం రాసిన మూడవ పార్టీటా (నృత్యాల మాలిక)లోని తొలి భాగమైన ప్రెల్యూడ్‌ను ఆయన 1731లో ఒక కాంటాటాకు (గాయకులు, వాద్యకారులు కలిసి వినిపించే రచన) నాందిగా మలిచి, వయొలిన్ వరుసను ఆర్గన్‌కు అప్పగించి, దానికి ట్రంపెట్లను, డ్రమ్ములను తోడు చేశారు. ఆ క్రమంలో, శ్రుతి పరంగా, ఇ మేజర్‌లో ఉన్న రచన డి మేజర్‌కు మారింది. ఇటలీ స్వరకర్త వివాల్డి నాలుగు వయొలిన్లకు రాసిన కాన్‌చెర్టోను నాలుగు హార్ప్సికార్డులకు (పియానోలా మీటలు నొక్కితే తీగలను మీటే వాద్యం) మార్చినదీ ఆయనే.

అపోహ: బాంజో నాదం నిలవదు కనుక ఈ సంగీతానికి పనికిరాదు.

మొదటి సగం నిజమే. బాంజోలో తీగలను మోసే బ్రిడ్జి చెక్క పలకపై కాక, బిగించిన పలుచని పొరపై నిలుస్తుంది. తీగలోని శక్తిని ఆ పొర త్వరగా గాలిలోకి వదిలేస్తుంది కనుక ధ్వని గట్టిగా మొదలై వెంటనే సన్నగిల్లుతుంది. అయితే లూట్ (వేళ్లతో మీటే పాతకాలపు ఐరోపా తీగ వాద్యం), హార్ప్సికార్డ్ నాదం కూడా మీటిన క్షణం నుంచి తగ్గుతూ పోయేదే. అందుకే 17వ శతాబ్దపు ఫ్రెంచ్ లూట్ వాద్యకారులు స్వరగుచ్ఛాన్ని ఒక్కసారిగా మీటకుండా విడివిడిగా పరిచే పద్ధతిని పెంచి పోషించారు, హార్ప్సికార్డ్ రచయితలు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఆ పద్ధతి బాంజోకు చక్కగా అమరుతుంది. నిజమైన ఇబ్బంది సారబాండ్ వంటి విలంబిత నృత్యాలలోనే వస్తుంది. అక్కడ పొడవైన స్వరాన్ని, పక్క స్వరంతో వేగంగా మార్చిమార్చి పలికే ట్రిల్‌తో బతికించవచ్చు గానీ, ప్రతి స్వరానికీ ట్రిల్ తగిలిస్తే వినేవారికి విసుగే మిగులుతుంది; నడకను కాస్త వేగిరపరచడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: పొట్టిగా ఉండే అయిదవ తీగ అడ్డం వస్తుంది.

నా దృష్టిలో ఈ వాద్యం బరోక్‌కు నప్పడానికి అసలు కారణం ఆ తీగే. అది అయిదవ మెట్టు దగ్గర మొదలై పై జి స్వరాన్ని పలుకుతుంది. డి నుంచి జి వరకు ఎక్కే వరుసను చూడండి: డి కోసం మొదటి తీగను ఖాళీగా (వేలితో నొక్కకుండా), ఇ కోసం రెండవ తీగను అయిదవ మెట్టుపై, ఎఫ్ షార్ప్ కోసం మొదటి తీగను నాలుగవ మెట్టుపై, జి కోసం అయిదవ తీగను ఖాళీగా మీటుతాం. పక్కపక్క స్వరాలు వేర్వేరు తీగలపై పడటం వల్ల ఒకటి ఆరకముందే మరొకటి మోగి, రెండూ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. స్పెయిన్‌లో గాస్పర్ సాన్స్ 1674 నాటి తన గిటార్ గ్రంథంలో చూపిన కాంపనెల్లా పద్ధతి సరిగ్గా ఇదే. అమెరికా జానపద శైలి అయిన బ్లూగ్రాస్‌లో 1960లలో బాంజో వాయించిన బిల్ కీత్, బాబీ థాంప్సన్ వంటివారు వేరే దారిలో ఇక్కడికే చేరుకున్నారు. ఇ మేజర్‌లో మాత్రం ఆ జి అపస్వరమవుతుంది కనుక రచనను వేరే శ్రుతికి మార్చుకోక తప్పదు.

అపోహ: బాఖ్ చెల్లో సూట్లకు (నృత్య మాలికలకు) బాంజోలో తగినంత మంద్రం లేదు.

వాటిని ఒక స్థాయి పైకి జరిపి, నాలుగవ తీగను డి నుంచి సికి దించితే చెల్లో అట్టడుగు తీగకు సరైన జోడు దొరుకుతుంది. ఈ శ్రుతి కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివర, పేగు తీగలను వట్టి వేళ్లతో మీటిన కాలంలో ఇదే వాడుకలో ఉండేది. నేనూ వేళ్లకు తొడిగే లోహపు నఖాలు తీసేసి నైలాన్ తీగలే వాడతాను. పొర వెనుక, బ్రిడ్జికి కాస్త దిగువన, మడిచిన గుడ్డముక్క దోపితే అనవసరపు రొద తగ్గుతుంది.

అపోహ: ఓపిక ఉంటే ఏ రచననైనా బాంజోపై వాయించవచ్చు.

ఇది మాలాంటి అభిమానుల అపోహ. బూరే, జీగ్ వంటి చురుకైన నృత్యాలు బాగా నడుస్తాయి, రెండు స్వరవరుసలు కలిసి సాగే ఇన్వెన్షన్లు కష్టం మీద కుదురుతాయి. ఒకే ఇతివృత్తాన్ని ఒకదాని వెంట ఒకటి అందుకునే మూడు నాలుగు వరుసల ఫ్యూగ్‌లో మాత్రం, మిగతావి కదులుతుండగా ఒక స్వరాన్ని పట్టి ఉంచాల్సిన చోట నాదం ముందే ఆరిపోయి, వరుసల అల్లిక చెదిరిపోతుంది. అలాంటి రచనలను ఇద్దరు వాద్యకారులు పంచుకోవడం ఉత్తమం. కింది వరుసను చెల్లోకు గానీ గిటార్‌కు గానీ అప్పగిస్తే బాంజోకు పై వరుసలు చాలు.