బియోవుల్ఫ్‌లో ఉన్నది కండబలమేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆంగ్లో-సాక్సన్ వీరకావ్యాలు కండబలాన్ని కీర్తిస్తాయి.

ఎం.ఏ. ఇంగ్లిష్ పేపర్లు దిద్దిన ప్రతిసారీ ఈ వాక్యం ఎదురవుతుంది. గైడ్లలో ఇదే, యూట్యూబ్ వీడియోల్లోనూ ఇదే. పిల్లలు నమ్మి బట్టీ పడతారు. మార్కుల సంగతి అటుంచండి, దీన్ని పట్టుకుని చదివితే కావ్యమే చేజారిపోతుంది.

వాస్తవం: 'బియోవుల్ఫ్' పాత ఇంగ్లిష్‌లో, అంటే వెయ్యేళ్ల కిందటి ఆంగ్లో-సాక్సన్‌ల భాషలో ఉన్న కావ్యం, అందులో వీరుడి పేరూ అదే. అతని పిడికిట్లో ముప్పైమంది బలం ఉందని కవి చెప్పిన మాట నిజమే. కానీ అదే కావ్యంలో హెరెమోడ్ అనే పాతకాలపు డేన్ల (డెన్మార్క్ వాళ్ల) రాజు కూడా ఉన్నాడు. దేవుడు అతనికీ అందరినీ మించిన బలం ఇచ్చాడు. అతనేమో తనతో కూర్చుని తిన్నవాళ్లనే చంపాడు, బంగారం ఎవరికీ పంచలేదు. గ్రెండెల్ అనే రాక్షసుణ్నీ వాడి తల్లినీ చంపి వచ్చిన బియోవుల్ఫ్‌కి డేన్ల ముసలి రాజు హ్రోత్‌గార్ చెప్పింది ఈ హెరెమోడ్ కథే. నీ బలం కొన్నాళ్లే, జబ్బో కత్తో నిప్పో వరదో ముసలితనమో దాన్ని తీసుకుపోతుంది, గర్వం వద్దు అంటాడు. గెలిచి వచ్చినవాడికి అప్పుడే ఇంత హెచ్చరిక చేయించిన కవి కండలు చూసి మురిసిపోయాడని ఎలా అంటాం?

ఈ కావ్యాల్లో ప్రభువు ఉంగరాలు, కత్తులు, భూములు పంచుతాడు. అనుచరుడు విందులో అందరి ముందూ మాట ఇస్తాడు. యుద్ధంలో ఆ మాట చెల్లించాలి. శౌర్యానికి కొలత అదే. డ్రాగన్ మంటల్లో ముసలి బియోవుల్ఫ్ చిక్కుకున్నప్పుడు, ఏరికోరి తెచ్చుకున్న పదకొండుమందిలో పదిమంది అడవిలోకి పారిపోయారు. బలం లేకనా? మిగిలిన ఒక్కడు విగ్లాఫ్‌కి అదే మొదటి యుద్ధం. తీసుకున్న కానుకలూ ఇచ్చిన మాటా గుర్తొచ్చి అతనొక్కడే ముందుకెళ్లాడు. చివరికి చనిపోయిన బియోవుల్ఫ్ సమాధి దిబ్బ దగ్గర జనం తమ రాజును తలుచుకుంటూ దయగలవాడు, సౌమ్యుడు, ప్రజలను ప్రేమగా చూసినవాడు, కీర్తి కోరినవాడు అన్నారు. ఆ చివరి మాటల్లో బలం ఊసే లేదు.

991లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, సముద్రం మీంచి దండెత్తి వచ్చిన వైకింగ్‌ల చేతిలో ఇంగ్లిష్ సేన ఓడిన మాల్డన్ యుద్ధం మీది కావ్యం ఇంకా స్పష్టంగా చెబుతుంది. నాయకుడు బైర్త్‌నోత్ పడిపోగానే గోడ్రిక్ ఆయన గుర్రమే ఎక్కి పారిపోయాడు. నాయకుడే వెళ్లిపోతున్నాడనుకుని చాలామంది చెదిరిపోయారు. మిగిలినవాళ్లతో ముసలి బైర్త్‌వోల్డ్, మన బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి, ధైర్యం పెరగాలి అంటాడు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన ఒకమ్మాయి ఇక్కడ ఆగి, "ఓడిపోయినవాళ్ల మీద కావ్యం ఎందుకు రాశారు మేడమ్?" అని అడిగింది. ఏ గైడూ అడగని ప్రశ్న అది. ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి క్లాసంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బియోవుల్ఫ్ ఇంగ్లండ్ కథ కాదు, డెన్మార్క్‌లో, దక్షిణ స్వీడన్‌లో జరుగుతుంది. వీరుడి తప్పును కవి దాచడు. బైర్త్‌నోత్ గర్వంతో శత్రువుకి ఇవతలి ఒడ్డున మరీ ఎక్కువ చోటిచ్చాడని మాల్డన్ కవే రాశాడు. పాత ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: మంచి అనువాదం నెమ్మదిగా రెండుసార్లు చదవండి, ఇందులో చెప్పినవన్నీ అందులో దొరుకుతాయి. మాల్డన్‌కి మొదలూ చివరా లేకపోతే మీ పుస్తకంలో పేజీలు చిరిగాయనుకోకండి. అవి ఏనాడో పోయాయి. మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి కూడా 1731లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతకుముందే రాసిపెట్టిన నకలు వల్ల 325 పంక్తులు దక్కాయి.