అన్నిటికీ ‘ఒప్పుకుంటాను’ అంటే 28

ఒడిశాలోని గుణుపురంలోనో రాయగడలోనో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో డిగ్రీ చదివే అమ్మాయికి ఆ క్లాసులో ‘నావాళ్లు’ అనదగ్గవాళ్లు ఉన్నారా? లాగిన్లు, మెసేజీలు లెక్కపెడితే తేలదు. ఒక్క ఫోను ఇద్దరు వాడుకునే ఇంటి నుంచి మెసేజీలు తక్కువే వస్తాయి. అడిగి తెలుసుకోవలసిందే.

అందుకు బాగా వాడుకలో ఉన్నది విద్యా పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ రోవై 2002లో ప్రచురించిన ప్రశ్నావళి. 20 వాక్యాలు. ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ మొదలు ‘అసలు ఒప్పుకోను’ దాకా ఐదు జవాబులు, 4 నుంచి 0 దాకా మార్కులు. బేసి వాక్యాలు తోటివారితో అనుబంధాన్ని, సరి వాక్యాలు చదువు సాగే తీరును కొలుస్తాయి. ఒక్కో భాగానికి 40 మార్కులు.

చిక్కంతా వ్యతిరేక వాక్యాలతోనే. మొత్తం 10 ఉన్నాయి, వాటి మార్కులు తిరగేసి వెయ్యాలి. పైగా అవి సమంగా లేవు: అనుబంధంలో 3, చదువులో 7. చదవకుండా అన్నిటికీ ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నొక్కేసినవాడికి తిరగేశాక అనుబంధంలో 28, చదువులో 12 వస్తాయి. స్నేహాలు బాగున్నాయి, చదువే అంటడం లేదు అని నివేదిక రాసేస్తారు. నిజానికి వాడు ఏమీ చెప్పలేదు. కూడికకు ముందే అసలు జవాబులు చూసి, అన్నీ ఒకేలా ఉన్న ఫారాలు పక్కన పెట్టాలి. ఎన్ని తీశారో కూడా రాయాలి.

‘నన్నెవరూ పట్టించుకోరు’ లాంటి వాక్యానికి ‘ఒప్పుకోను’ అనాలంటే ఒక్క క్షణం ఆగాలి. గబగబా నొక్కేవాళ్లు తలకిందులు చేస్తారు. ముందుగా ఐదారుగురి చేత పైకి చదివించి, ఏం అర్థమైందో చెప్పించాలి.

పర్లాకిమిడి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లున్నారు. వాళ్లకు తెలుగు లిపిలో ఫారం పంపితే పక్కవాళ్ల చేత చదివించుకుంటారు. ఇక గుట్టు ఎక్కడిది? తెలుగు ఆడియో, ఒడియా ప్రతి రెండూ ఉండాలి. ఇంగ్లీషు మూలం చూడనివారి చేత రెండింటినీ తిరిగి ఇంగ్లీషులోకి రాయించి సరిచూడాలి. మార్కులు వేసే మాస్టారి నంబరు నుంచి మాత్రం లింకు పంపకూడదు. మొహమాటానికి మంచి జవాబులే వస్తాయి.

చివరి వారంలో ఒక్కసారే అడిగితే మధ్యలో మానేసినవాళ్లు లెక్కలో ఉండరు. నాలుగో వారంలోనూ అడగాలి. మానేసినవాళ్లు అప్పుడిచ్చిన మార్కులే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తాయి. పోల్చేటప్పుడు రెండుసార్లూ జవాబిచ్చినవాళ్లనే తీసుకోవాలి. 12 మంది బ్యాచ్‌లో ఒక్కరికి 24 మార్కులు తగ్గితే చాలు, సగటు 2 పడిపోతుంది. అంత చిన్న గుంపులో సగటు ఒక్కటే చూపకుండా, అందరి మార్కులూ గీత మీద చుక్కలుగా పెట్టి చూపడం మేలు.