సీఎస్ఎస్‌లో ఇంచి నిజం ఇంచి కాదు

వెబ్‌పేజీ ఎలా కనబడాలో చెప్పే భాష సీఎస్ఎస్, అందులో రాసే స్టైల్‌షీట్‌లో ఒక డబ్బా వెడల్పు 1 ఇంచి అని పెట్టి స్క్రీన్ మీద స్కేలు పెట్టి చూడండి, చాలావరకు ఇంచి రాదు, ఫోన్‌లో ఒకలా లాప్‌టాప్‌లో ఇంకోలా ఉంటుంది. బ్రౌజర్ తప్పేం లేదు, రూలే అది: 1 ఇంచి అంటే 96 పిక్సెల్స్, అంతే. సెంటీమీటర్, పాయింట్ అన్నీ ఆ లెక్కకే ముడిపడి ఉన్నాయి. ప్రింట్‌కి వెళ్తే మాత్రం ఇంచిని ఇంచిగానే తీసుకోమన్నారు.

మరి ఆ పిక్సెల్ ఎంత? అసలు తమాషా ఇక్కడే ఉంది. స్క్రీన్ మీద వెలిగే చుక్క అనుకుంటాం కదా, కాదు, దాన్ని కంటికి కనబడే కోణంతో చెప్పారు. ఇంచికి 96 చుక్కలున్న స్క్రీన్‌ని చెయ్యి చాపినంత దూరంలో, అంటే 28 ఇంచుల్లో పెడితే ఒక చుక్క కంటికి ఎంత కోణంలో కనబడుతుందో అంత, దాదాపు 0.0213 డిగ్రీలు. అందుకే దూరం నుంచి చూసేదాంట్లో పిక్సెల్ పెద్దగా, మొహానికి దగ్గరగా పట్టుకునే ఫోన్‌లో చిన్నగా ఉండాలి. 2010లో వచ్చిన ఐఫోన్ 4లో అడ్డంగా 640 చుక్కలుంటే పేజీకి మాత్రం 320 పిక్సెల్సే అని చెప్పేది, ఒక్కో పిక్సెల్‌కి నాలుగు చుక్కలన్నమాట, అలా చెయ్యకపోతే అంతకుముందు ఫోన్‌కి కట్టిన పేజీలు అందులో సగం సైజుకి కుంచించుకుపోయేవి.

అక్షరాల సైజుకి పిక్సెల్స్ వాడితే ఇంకో చిక్కు: చూపు ఆనక బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఫాంట్ పెంచుకున్నవాళ్లకి ఆ పేజీలో ఏమీ పెరగదు, జూమ్ చేసుకోవాల్సిందే. ఈఎం అనే కొలత అయితే పెరుగుతుంది, కానీ అది తనని లోపల పెట్టుకున్న ఎలిమెంట్ (పేజీలో ఒక భాగం) అక్షరాల సైజుని పట్టుకుని వేలాడుతుంది. లిస్టుకి 1.2 ఈఎం ఇచ్చారనుకోండి, మామూలు 16 పిక్సెల్స్ నుంచి 19.2 అవుతుంది, దాని లోపలి లిస్టు 23.04, ఇంకా లోపలిది 27.65, లోపలికి వెళ్లేకొద్దీ ఉబ్బిపోతుంది. ఆర్ఈఎం అనే ఇంకో కొలత ఎప్పుడూ పేజీ మొత్తానికి ఉన్న మూల అక్షరాల సైజునే చూస్తుంది కాబట్టి ఈ గోల లేదు, నన్నడిగితే అక్షరాలకి అదే వాడాలి.

ఇక ఎత్తుకి వీహెచ్ అనే కొలత ఉంది, పేజీ కనబడే ఎత్తులో నూరో వంతు. 100 వీహెచ్ అంటే స్క్రీన్ ఎత్తంతా అనుకుంటాం, ఫోన్‌లో అడ్రస్ బార్ కనబడుతున్నప్పుడు కింది బటన్ కాస్తా తెగిపోతుంది, ఎందుకంటే బ్రౌజర్ ఆ బార్ లేనప్పటి ఎత్తుని లెక్కేస్తుంది. 2022లో దీనికోసం ఎస్‌వీహెచ్ (బార్ ఉన్నప్పటి ఎత్తు), ఎల్‌వీహెచ్ (బార్ లేనప్పటి ఎత్తు), డీవీహెచ్ అని మూడొచ్చాయి. డీవీహెచ్ బార్‌తో పాటే మారుతుంది, చెప్పుకోడానికి బాగుంది గానీ స్క్రోల్ చేస్తుంటే లేఅవుట్ ఎగిరిపడుతుంది, బటన్ కనబడితే చాలనుకుంటే ఎస్‌వీహెచ్ ఇచ్చేయండి.